రుచి నాలుకది.. లెక్క కాలేయానిది

దసరాకో, ఇంట్లో పెళ్లికో అమెరికా నుంచి దిగిన మేనల్లుడు సూట్‌కేసు తెరుస్తాడు. చాక్లెట్ల కింద నుంచి ఒక సీసా తీసి, ‘మామూలు విస్కీ కాదు మామా, బోర్బన్. దీన్ని తాగొద్దు, టేస్ట్ చెయ్యాలి’ అంటాడు. నిజామాబాద్‌లో ఇప్పుడు ఇది వింత కాదు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రైస్‌మిల్లర్లు, మా డాక్టర్లలోనూ కొందరు గ్లాసు తిప్పి వాసన చూడటం, వెనిల్లా తగిలిందా, కారమెల్ తగిలిందా అని చర్చించుకోవడం, పదికి ఎన్ని మార్కులు వేయాలో తేల్చుకోవడం సరదాగా పెట్టుకున్నారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. కాబట్టి ఈ సరదా ఇంకా పెరిగేదే.

దీన్ని నేను వెక్కిరించడం లేదు. రుచిని పసిగట్టడం కూడా ఒక విద్యే. నా అభ్యంతరం ఒక్కటే. ‘టేస్టింగ్’ అనే మాట చాటున ఎంత తాగుతున్నామన్న లెక్క మాయమవుతోంది. ఓపీలో ‘మందు అలవాటు ఉందా?’ అని అడిగితే, ‘లేదు సార్.. అప్పుడప్పుడు మంచి బ్రాండ్ రుచి చూస్తా, అంతే’ అంటున్నారు. ఆ ‘అంతే’ ఎంతో చూద్దాం.

మక్కలకు, మొలాసిస్‌కు తేడా ఎక్కడ?

బోర్బన్‌కు ముడిసరుకు మన ఆర్మూర్ వైపు రైతులు పండించే పంటే. మక్కలు. అమెరికా నిబంధనల ప్రకారం బోర్బన్‌కు వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. సారాన్ని లోపలి వైపు కాల్చి మసిబార్చిన కొత్త ఓక్ చెక్క పీపాల్లో నిల్వ చేయాలి. రంగు, సువాసన బయటి నుంచి కలపకూడదు. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు విశిష్టమైన ఉత్పత్తిగా గుర్తించింది. టేస్టర్లు చెప్పే వెనిల్లా వాసన ఊహ కాదు. చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిలిన్ పుడుతుంది. చెక్కలోని చక్కెరలు మాడి కారమెల్ వాసన వస్తుంది.

ఇటు బోధన్‌కు రండి. 1937లో మొదలై, 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్ ఈ ప్రాంతానికి చెరకునే కాదు, మొలాసిస్ వాసననూ అలవాటు చేసింది. చక్కెర తీశాక మిగిలే ఆ నల్లటి మడ్డిని పులియబెట్టి బట్టీ పడితే టన్నుకు సుమారు 220 నుంచి 250 లీటర్ల ఆల్కహాల్ వస్తుంది. దాన్ని దాదాపు 96 శాతం దాకా శుద్ధి చేస్తే రంగు, రుచి లేని స్పిరిట్ మిగులుతుంది. మన వైన్స్‌లో దొరికే మామూలు విస్కీల్లో చాలావాటికి ఇలాంటి స్పిరిటే ఆధారం. అందులో కొంత మాల్ట్, రంగు, సువాసన కలుపుతారు. మొలాసిస్ సారాన్ని యూరప్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు.

అంటే రుచిలో తేడా ఉందన్న మాట నిజమే. ఆ తేడా నాలుకకు, ముక్కుకు తెలుస్తుంది. కానీ మక్కలోని పిండి పదార్థమైనా, చెరకులోని చక్కెరైనా, ఈస్ట్ చేతిలో పడ్డాక తయారయ్యేది ఒకే పదార్థం.. ఇథనాల్. కాలేయం దాన్ని మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, తర్వాత ఎసిటేట్‌గా మారుస్తుంది. పీపాలో పన్నెండేళ్లు ఉందా, పన్నెండు రోజులు ఉందా అన్నది దానికి అనవసరం.

లేబుల్ మీద చూడాల్సిన అంకె

మన దగ్గర విస్కీ సీసా మీద సాధారణంగా 42.8 శాతం, 75 డిగ్రీల ప్రూఫ్ అని ఉంటుంది. ఇది పాత బ్రిటిష్ కొలత. అమెరికా ప్రూఫ్ వేరు. అక్కడ శాతాన్ని రెండుతో గుణిస్తారు. 100 ప్రూఫ్ అంటే 50 శాతం. నీళ్లు కలపకుండా నింపే ‘బ్యారెల్ ప్రూఫ్’ సీసాల్లో 60 శాతం దాటినవీ ఉంటాయి. అందుకే ప్రూఫ్ అంకెను వదిలేసి, శాతం ఎంతో చూడండి.

లెక్క తేలికే. మిల్లీలీటర్లను శాతంతో గుణించి 100తో భాగించండి. వచ్చినదాన్ని 0.8తో గుణిస్తే సుమారుగా ఇథనాల్ గ్రాములు వస్తాయి. మన విస్కీ ఒక లార్జ్, అంటే 60 మిల్లీలీటర్లలో దాదాపు 20 గ్రాములు. అదే గ్లాసులో 60 శాతం బోర్బన్ పోస్తే 28 గ్రాముల పైనే. పెగ్గు ఒకటే, డోసు దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఇప్పుడు ‘టేస్టింగ్’ సంగతి. స్నేహితులు కూర్చుని ఐదు సీసాలు, ఒక్కోటి 20 మిల్లీలీటర్ల చొప్పున రుచి చూశారనుకోండి. అన్నీ 50 శాతానివే అయితే, సాయంత్రం ముగిసేసరికి ఒంట్లో చేరింది సుమారు 40 గ్రాములు. మన విస్కీ రెండు లార్జ్‌లతో సమానం. మామూలుగా కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే తొలగించగలదు. ఆ 40 గ్రాములు పోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరమని చట్టం చెబుతోంది. ‘నేను తాగలేదు, రుచి చూశా’ అంటే బ్రీత్ అనలైజర్ ఒప్పుకోదు.

‘మంచి సరుకు ఏమీ చెయ్యదు’ నిజమేనా?

సగం నిజం. లైసెన్సుతో తయారైన సీసాలో మిథనాల్ ప్రమాదం చాలా తక్కువ. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు అందులో ఉండవు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు మన జిల్లాలో ఎంతమంది వణుకుతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు వచ్చారో ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. ఆ భయం నుంచి ఖరీదైన సీసా కాపాడుతుంది. ఇథనాల్ నుంచి మాత్రం కాపాడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము.. ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంత తాగితే ఆరోగ్యానికి ఏ హానీ లేదని చెప్పగల మోతాదు లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ‘రోజుకో పెగ్గు గుండెకు మంచిది’ అన్న పాత మాటకూ ఇప్పుడు బలం తగ్గింది. జబ్బు వల్ల తాగడం మానేసినవారిని కూడా ‘తాగనివారి’ ఖాతాలో వేయడంతో ఆ పాత అధ్యయనాల్లో కొన్ని తప్పుదారి పట్టాయి.

బోర్బన్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు యువతీయువకుల్లో కొందరికి బోర్బన్, మరికొందరికి వోడ్కా ఒక రాత్రి ఇచ్చి, ఇంకో రాత్రి మద్యం లేని పానీయం ఇచ్చి పోల్చారు. రుచిని, వాసనను ఇచ్చే ఇతర పదార్థాలు బోర్బన్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ. మర్నాటి హ్యాంగోవర్ బోర్బన్‌తోనే ఎక్కువగా కనిపించింది. నిద్ర చెడటం, చురుకుదనం తగ్గడం మాత్రం రెండింటితోనూ ఒకేలా ఉన్నాయి. మనం మెచ్చుకునే రుచులు మనల్ని కాపాడేవి కావన్నమాట.

ఇక ధర. ఒకే వైన్‌ను ఓసారి 10 డాలర్లదని, ఓసారి 90 డాలర్లదని చెప్పి ఇస్తే, ఎక్కువ ధర చెప్పినప్పుడే బాగుందన్నారు. మెదడు స్కానింగ్‌లోనూ ఆనందానికి సంబంధించిన భాగం అప్పుడే ఎక్కువ స్పందించింది. 2008లో అచ్చయిన ప్రయోగం ఇది. మనం రుచి చూస్తున్నామనుకునేదాంట్లో కొంత భాగం రేటు స్టిక్కరే.

అసలు జడ్జీలు ఏం చేస్తారు?

పోటీల్లో మార్కులు వేసే జడ్జీలకు సీసా చూపించరు, పేరు చెప్పరు. వాళ్లు కొద్దిగా నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేస్తారు. రోజుకు పదుల నమూనాలు చూసేవారు మింగితే మధ్యాహ్నానికే తీర్పు తప్పుతుంది. స్కాట్లాండ్ బ్లెండర్లైతే నీళ్లు కలిపి 20 శాతానికి దించి, ఎక్కువగా ముక్కుతోనే తేలుస్తారు. ఎందుకంటే మనం రుచి అనుకునేదాంట్లో పెద్దవాటా వాసనదే. పైగా ఘాటు ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది.

కాబట్టి నిజంగా రుచి కోసమే అయితే ఇలా చేయండి. పేర్లు కనపడకుండా గ్లాసుల్లో పోయించుకోండి. ఒక్కోటి 5 మిల్లీలీటర్లు చాలు. నీళ్లు కలపండి. ఉమ్మడానికి ఒక గిన్నె పక్కన పెట్టండి. ఉమ్మినా కొంత ఒంట్లోకి చేరుతుంది కాబట్టి ఆ రోజు బండి తాళాలు ముట్టుకోవద్దు. ‘ఉమ్మేస్తే ఇంకేం మజా?’ అనిపిస్తే, మీరు వెతుకుతున్నది రుచి కాదు, కిక్కు. అది తెలుసుకోవడమూ మంచిదే.

ఇప్పటిదాకా అలవాటు లేనివారు ఈ సరదా కోసం మొదలుపెట్టవద్దు. ఫ్యాటీ లివర్, అదుపులో లేని బీపీ, గురక జబ్బు ఉన్నవారు, గర్భిణులు, నిద్రమాత్రలు, టీబీ మందులు వాడేవారు పూర్తిగా దూరంగా ఉండాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి

సీసా తెరిచిన తేదీని దాని మీదే రాయించండి. రుచి చూసేవారి సీసా నెలల తరబడి నిలుస్తుంది. వారంలో ఖాళీ అయితే అది టేస్టింగ్ కాదు. ఒంటరిగా ‘టేస్టింగ్’ మొదలైందా? సీసా అయిపోతే చిరాకు పడుతున్నారా? కొనేవాటి గురించి ఇంట్లో దాస్తున్నారా? వీటిలో ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా డాక్టర్‌తో మాట్లాడే సమయం వచ్చినట్టే.

రోజూ తాగేవారితో పంతం పట్టి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. ఆసుపత్రిలో మందులతో సురక్షితంగా మాన్పించవచ్చు. సలహాకు 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ ఉన్నాయి. రెండూ ఉచితమే.

చెరకు కోతకు వచ్చిన కూలీ సాయంత్రం క్వార్టర్ తాగితే మనం తాగుబోతు అంటాం. అదే క్వార్టర్ డోసును వెనిల్లా, కారమెల్ పేర్లు చెప్పుకుంటూ తాగినవారిని టేస్టర్ అంటున్నాం. వార్డులో ఇద్దరి పొట్టలో చేరే నీరు ఒకటే. అతనికి ఒళ్లునొప్పి ఉంది, సలహా చెప్పేవారు లేరు. మనకు చదువు ఉంది, లెక్క కట్టగలం. కట్టడం లేదు.

ఈసారి డాక్టర్ మందు గురించి అడిగితే బ్రాండ్ చెప్పకండి. వారానికి ఎన్ని రోజులు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం.. ఈ మూడు చెప్పండి. మీ రిపోర్టులు సరిగ్గా చదవడానికి మాకు కావాల్సింది అదే.