కాకి ఈక, తాత విల్లు, మన ఇజ్జత్



పోయిన జులైలో ఒక వారం పాటు షాగిర్ద్‌నయ్యాను, నలభై ఎనిమిదేళ్ల వయసులో. మిషిగన్‌లో మా ఊరికి గంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో ఎండాకాలం వర్క్‌షాప్ పెట్టారు. నేర్పేది హార్ప్‌సికార్డ్. పియానో నేర్చుకుంటున్న మా అమ్మాయి వెళ్తానంది. చిన్నపిల్లలకు తోడు పెద్దవాళ్లుండాలన్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని ఉస్తాద్ నన్ను కూడా కూర్చోబెట్టారు. ఖుదా కసం, సాజ్ మీద వేలు పెట్టడం నా జిందగీలో అదే మొదలు.

చూడ్డానికి పియానోకి చెల్లెలిలా ఉంటుంది గానీ లోపలి సంగతి పూర్తిగా వేరు. పియానోలో సుత్తి తీగను కొడుతుంది. ఇందులో మెట్టు నొక్కితే సన్నటి చెక్క బద్ద ఒకటి పైకి లేస్తుంది. దాన్ని జాక్ అంటారు. దానికి ఈకతో చేసిన చిన్న ముల్లు ఉంటుంది, అది తీగను మీటుతుంది. బద్ద కిందికి దిగేటప్పుడు ముల్లున్న నాలుక వెనక్కి మడుచుకుని, చప్పుడు లేకుండా తీగ పక్కనుంచి జారిపోతుంది. పైనున్న ఉన్ని గుడ్డ ముక్క తీగను ఆపేస్తుంది. అంటే ఇది మెట్లు బిగించిన ఖానూన్. అరబ్బుల ఖానూన్ వంటి మీటే వాద్యాలకూ దీనికీ దూరపు చుట్టరికం ఉంది. యూరప్ వాళ్ల ల్యూట్ పేరు కూడా మన 'అల్ ఊద్' నుంచి వచ్చిందే.

పాతరోజుల్లో ముల్లుకి కాకి జాతి పక్షుల ఈక వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. ఇంతవరకూ బాగుంది. నాలుకను మళ్లీ యథాస్థానానికి తెచ్చే స్ప్రింగ్ సంగతి వచ్చేసరికి, రిపేర్లు చేసే పెద్దాయన పాత వాటిలో అడవిపంది వెంట్రుక పెట్టేవారని చెప్పాడు. మా అమ్మాయి చేతులు మెట్ల మీంచి ఠక్కున వెనక్కి తీసింది. ఆయనకి విషయం అర్థమై జాక్ ఒకటి బయటికి లాగి చూపించాడు. అందులో ఉన్నది ప్లాస్టిక్ పోగు. మన హనఫీ ఫిఖ్‌లో చెప్పులు కుట్టేవాళ్లకి పంది వెంట్రుక వాడుకోవడానికి జరూరత్ కింద ఇజాజత్ ఇచ్చిన మస్లా ఒకటుందని ఆ రాత్రి దానికి చెప్పాను. "అయితే మన ఉలమా చెప్పులు కుట్టేవాళ్లని కూడా పట్టించుకున్నారా అబ్బా?" అంది. పట్టించుకున్నారు బేటా. మనమే పట్టించుకోవడం మానేశాం.

మొదటిరోజు నాకు దొరికిన సబక్ ఏమిటంటే, ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు పెరగదు. మెల్లగా నొక్కినా, గుద్దినా దాదాపు అంతే. జోర్ పనికిరాదు. వేలు ఎప్పుడు దిగింది, ఎంతసేపు ఉంది, ఎప్పుడు లేచింది, అసరంతా అందులోనే. ఈక తీగను తాకిన క్షణం వేలికి తెలుస్తుంది. అక్కడ ఒక్క లహమా ఆగి, అప్పుడు మీటమన్నారు. నాకు మూడు రోజులు పట్టింది. అమ్మాయికి మూడు గంటలు.

ఫ్రాన్స్‌లో కూపరాఁ అనే ఉస్తాద్ 1716లో ఈ వాద్యం వాయించే పద్ధతి మీద కితాబ్ రాశాడు. పసిపిల్లలకు ఈక చాలా బలహీనంగా ఉన్న వాద్యం ఇవ్వాలని, లేకపోతే చేతులు మొండిబారతాయని అందులో చెప్పాడు. తను లేనప్పుడు పిల్లలు తప్పుగా రియాజ్ చేసి పాడుచేసుకుంటారని వాద్యానికి తాళం వేసి చెవి తనతో పట్టుకుపోయేవాడట. మన మద్రసా హజ్రత్‌లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

రోజూ పొద్దున్నే తీగలు శృతి చేసుకోవాలి. గాలిలో తేమ మారితే చాలు, శృతి పోతుంది. జొహర్‌కి మాకొక ఖాళీ ప్రాక్టీసు గది ఇచ్చారు. అల్లాహ్ వాళ్లకి మేలు చేయుగాక.

మూడో రోజు అందరూ భోజనానికి వెళ్లాక ఒక్కణ్నే ఉండి, కింది స్వరం ఒకటి మళ్లీ మళ్లీ మీటాను. తుంగ్... తుంగ్... ఎక్కడో విన్నాను. ఎక్కడ? తాత విల్లు!

మేము దూదేకులవాళ్లం. నూర్‌బాషులం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తాతని తాత అనే అంటాం, దాదా అనం. ఇక్కడ నేను రాసే ఉర్దూ అల్ఫాజ్ తర్వాత మెహనత్ చేసి నేర్చుకున్నవే. పల్నాడులో మా తాత పెద్ద విల్లు ఒకటి వేలాడదీసుకుని, దాని నరాన్ని కొయ్య గుండుతో కొడుతూ దూది ఏకేవాడు. ఆ నరం మోత వింటూ నిద్రపోయేవాణ్ని. తాత తమ్ముడు, మా చిన్నతాత, నాదస్వరం వాయించేవాడు. పెళ్లిళ్లలో, గుళ్లలో. మా బిరాదరీలో అదొక పేషా. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగం వెళ్లి స్థిరపడి, ఆ సాజ్‌లో దేశమంతా పేరు తెచ్చుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

మా అక్క నికా మాటలప్పుడు మాత్రం మా ఇంట్లో చిన్నతాత ప్రస్తావన తేలేదు. ఆయన నాదస్వరాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. వాళ్లడిగితే "వ్యవసాయం" అని చెప్పమన్నారు. ఆయన ఆ రోజు పెరట్లో కూర్చుని అన్నం తిన్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు.

ఇప్పుడు అసలు మాట. వర్క్‌షాప్ చివరి రోజు అమ్మాయి వాయిస్తున్న ఫోటో ఖాందాన్ వాట్సాప్‌లో పెట్టాను. నరసరావుపేట నుంచి మా పెదనాన్న కొడుకు వెంటనే వాయిస్ పెట్టాడు: "తమ్ముడూ, మౌసికి హరామ్. ఆడపిల్లకి ఇది నేర్పి నువ్వు అల్లాహ్‌కి ఏం జవాబిస్తావు?" మిగతా అందరూ మాషా అల్లాహ్‌లు, గుండె బొమ్మలు. అక్కవైపు వాళ్లు కూడా. "మా ఖాందాన్‌కి ఫఖ్ర్" అని రాశారు ఒకరు. చిన్నతాత పేరు చెప్పొద్దని ఆనాడు మాకు చెప్పింది ఆయనే.

నాకు మా అన్న మీద కోపం రాలేదు. ఆయన మాటకి దలీల్ ఉంది. సాజ్‌లు నాజాయిజ్ అనే ఉలమా బుఖారీలోని హదీస్ చూపిస్తారు. ఆ సనద్ మీద ఇబ్న్ హజ్మ్ అభ్యంతరం చెప్పాడు. ఇమామ్ గజాలీ ఇహ్యాలో సమా గురించి ఒక పూర్తి కితాబే రాసి, ఏది జాయిజ్, ఏది కాదు అని విడదీశాడు. ఇఖ్తిలాఫ్ ఉన్న మస్లా. నా ఇంటి ఫైసలా నేను చేసుకున్నాను, అన్నయ్య తనది చేసుకున్నాడు. ఆయన కొడుకు వలీమాలో డీజే పెట్టనివ్వలేదు, మీకు తెలుసా? చెప్పిందే చేసే మనిషి.

నా షికాయత్ గుండె బొమ్మల మీద. తెల్లవాళ్ల సాజ్ అయితే తహ్జీబ్, చిన్నతాత సాజ్ అయితే బద్నామీనా? హరామ్ అనుకుంటే రెండూ హరామ్ అనండి, తల వంచుకుని వింటాను. జాయిజ్ అనుకుంటే ఆ ముసలాయన్ని పెరట్లో కూర్చోబెట్టిన దానికి మాఫీ అడగండి. డాలర్లతో కొన్న సబక్‌కి ఫఖ్ర్, ఊరిలో నలుగురు మెచ్చిన హునర్‌కి పర్దా. ఇది దీన్ మాట కాదు, జాత్ మాట. దీన్ ముసుగేసుకున్న జాత్ మాట.

ఇంగ్లీషువాళ్లు 1613లో జహంగీర్ దర్బార్‌కి ఇద్దరు సంగీతకారులను తీసుకొచ్చారు. ఒకతను హార్ప్‌సికార్డ్ జాతిదే, చిన్నది, వర్జినల్స్ వాయించాడు. బాద్‌షాకి నచ్చలేదు. రెండో అతను రాబర్ట్ ట్రల్లీ కార్నెట్ అనే ఊదే వాద్యం వాయిస్తే మాత్రం ముచ్చటపడ్డాడు. ట్రల్లీ తర్వాత దక్కన్‌లో ఒక సుల్తాన్ దగ్గరికి చేరి, ఇస్లాం స్వీకరించి, కొత్త పేరు, మంచి జీతంతో అక్కడే ఉండిపోయాడు. ఊదేవాడికి దర్బార్‌లో జాగా దొరికిన దక్కన్ అది. మా ఇంట్లో పెరట్లో దొరికింది.

మా అమ్మాయి వచ్చే ఏడాది కూడా వెళ్తానంటోంది. ఇన్షా అల్లాహ్ పంపిస్తాను. ఈలోపు చిన్నతాత ఎవరని అడిగింది. ఫోటో ఒక్కటీ లేదు మా దగ్గర. రాత్రి నరసరావుపేట అన్నయ్యకే ఫోన్ చేశాను, ఆ పాత ఇంట్లో ఉండేది ఇప్పుడాయనే. "అటక మీద చిన్నతాత నాదస్వరం ఉండాలి, దించి ఒక ఫోటో తీసి పంపు భాయ్" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఫజర్ నమాజ్ అయ్యాక నిచ్చెన వేయిస్తానన్నాడు, చెద పట్టకుండా ఉంటే.