బోరుబావి బిల్లూ, భూకంప శాస్త్రమూ

"భూకంపాలు మనకెక్కడివోయ్! అవన్నీ హిమాలయాల దగ్గర, జపాన్‌లో" అనే మాట మన హాస్టళ్ళలో తరచు వినిపిస్తుంది. అనేవాళ్ళు సైన్సు చదివేవాళ్ళే కావడం విచారకరం. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతం కంపించాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మన పొరుగునే మరాఠ్వాడాలో కిల్లారి నేలమట్టమై వేలాదిమంది నిద్రలోనే పోయారు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాదు దాకా తెలిసింది. భూకంపం ఫలానా రోజున వస్తుందని చెప్పడం ఇంతవరకు ఎవరి తరమూ కాలేదు. వస్తే ఏ ఊరి నేల ఎలా ఊగుతుందో మాత్రం ముందే కొలవవచ్చు. ఆ కొలత మన బి.యస్సీ. విద్యార్థులు చేయగలరు, చేసి తీరాలి అన్నదే నా వాదన.

నేలకీ నేలకీ తేడా ఏపాటిదో 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరం చూపించింది. భూకంపం పుట్టింది పసిఫిక్ తీరాన, నగరానికి 350 కిలోమీటర్ల పైన దూరంలో. రాతినేల మీది పేటలకి పెద్ద నష్టం లేదు. పూర్వం సరస్సుగా ఉండి పూడిపోయిన బంకమట్టి మీది పేటలు మాత్రం ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ బంకమట్టి చాలాచోట్ల సుమారు 2 సెకన్లకొకసారి ఊగే స్వభావం గలది. ఉయ్యాలని సరైన క్షణంలో తోస్తే ఎలా రేగుతుందో అలా రేగింది. ముఖ్యంగా ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు బలైపోయాయి.

ఆ ఊగే స్వభావాన్ని కనుక్కోవడానికి భూకంపం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. నేల ఏనాడూ ఊరుకోదు. సముద్రపు అలల తాకిడి, గాలి, లారీలు, మిల్లులు, ఇవన్నీ దాన్ని మన కాళ్ళకి తెలియనంత సన్నగా కదిలిస్తూనే ఉంటాయి. ఆ కదలికలో ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే ప్రయాణించే తరంగాలు. వాటిలో ఒక రకాన్ని 1885లో లార్డ్ రేలీ గణితంతో చూపించాడు. (ఆర్గాన్ వాయువు కనిపెట్టి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నదీ ఆయనే.) రేలీ తరంగం సాగేటప్పుడు నేలలోని ప్రతి రేణువూ నిలువుగా అండాకారంలో తిరుగుతుంది. పరీక్షలో ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం, అంతటితో దాన్ని మరిచిపోతాం. అసలు కథ అక్కడినుంచే మొదలు!

అంతా ఒకే రాయి అయితే ఆ అండాకారం నిలువు పొడవు, అడ్డం పొడవుకి సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. గట్టిరాయి మీద మెత్తని మట్టి పరచి ఉంటే ఆకారం పౌనఃపున్యాన్నిబట్టి మారిపోతుంది. మట్టి సహజంగా ఊగే పౌనఃపున్యం దగ్గర నిలువు కదలిక దాదాపు మాయమై, అండం అడ్డంగా సాగి గీతలా అవుతుంది. అంటే అండం ఆకారం చూసి కింద ఏముందో ఊహించవచ్చన్నమాట.

ఇక్కడొక చిక్కుంది. అడ్డపు కదలికని నిలువు కదలికతో భాగించి గ్రాఫు గీసే పద్ధతి 1989లో జపాన్ శాస్త్రజ్ఞుడు నకమురా వ్యాసంతో లోకమంతా పాకింది. సులభం గనుక పాకింది. గ్రాఫులో శిఖరం ఎక్కడుందో చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. శిఖరం ఎత్తుని నమ్మడం మాత్రం నాకు సమ్మతం కాదు. అడ్డపు కదలికలో లవ్ తరంగాలు కలిసి ఉంటాయి, లోపలినుంచి వచ్చే తరంగాలూ ఉంటాయి. నీళ్ళు కలిపిన పాలని కొలిచి గేదె ఇంత ఇచ్చిందనడం లాంటిది ఇది. 2009లో హోబిగర్ బృందం ప్రకటించిన రేడెక్ పద్ధతి ఈ కల్తీని చాలావరకు తీసేస్తుంది. రేలీ తరంగంలో అడ్డపు కదలికకీ నిలువు కదలికకీ ఎప్పుడూ పావు ఆవృత్తి తేడా ఉంటుంది. నిలువు కదలిక సున్నాని దాటే ప్రతి క్షణాన్నీ పట్టుకుని, పావు ఆవృత్తి జరిపి, దానితో బాగా పొత్తు కుదిరే అడ్డ దిశని ఎన్నుకుని, అలాంటి వందల ముక్కల్ని కూడుతారు. నిలువుతో పొత్తులేని లవ్ తరంగాలు కూడికలో అణగిపోతాయి. మిగిలేది ఇంచుమించు అసలైన అండం ఆకారం. దీనికి కావలసింది మూడు దిశల సీస్మోమీటరు ఒక్కటి, అరగంట ఓపిక, ఒక కంప్యూటరు.

అయినా శిఖరం ఒక్కటే మట్టి జాతకమంతా చెప్పదు. తరంగవేగాన్ని నాలుగు రెట్ల మట్టి లోతుతో భాగిస్తే ఆ పౌనఃపున్యం వస్తుంది. సెకనుకి 200 మీటర్ల వేగం, 25 మీటర్ల లోతు ఉన్నా 2 హెర్ట్‌జే, 400 వేగం, 50 లోతు ఉన్నా 2 హెర్ట్‌జే. లోతు వేరే దారిన తెలియాలి. అది ఎవరికి తెలుసు?

మా నాన్నకి తెలుసు! మావైపు మెట్ట పొలాల్లో బోరు వేసేటప్పుడు మట్టీ మొరమూ కూలిపోకుండా, గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. కేసింగ్‌కి అడుగు లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి ఎన్ని అడుగులు దిగిందో ఏ రైతూ మరిచిపోడు. నీళ్ళు పడని బోరుకైతే అసలే మరిచిపోడు. మాది 60 అడుగులు, అంటే సుమారు 18 మీటర్లు. అక్కడ శిఖరం 4 హెర్ట్‌జ్ దగ్గర వచ్చిందనుకోండి, మట్టిలో తరంగవేగం సెకనుకి సుమారు 290 మీటర్లని తేలుతుంది. ఇంజనీరుకి కావలసిన అంకె అదే. ఇన్ని లక్షల బోర్ల కేసింగ్ లోతులు ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున బిల్లులుగా పడి ఉన్నాయి. అప్పులు మిగిల్చిన ఆ గుంతలు ఈ రకంగానైనా ఒక పనికి రాకూడదా?

డెల్టా మిత్రులకి ఈ ఉపాయం చెల్లదు. అక్కడ ఒండ్రు ఎంత లోతంటే బోరు రాయిదాకా పోదు. అక్కడ శిఖరంతోబాటు దాని పక్క వాలుని కూడా చదవాలి, ఒకేసారి చాలా సీస్మోమీటర్లు పరచాలి. మన స్థోమతకి మెట్ట ప్రాంతమే ముందు.

పరికరాలు పాడవుతాయని బీరువాలో తాళం వేసి ఉంచడం కంటే వాటిని పాడుచేసే మార్గం మరొకటి లేదు. ఆఖరు సంవత్సరం రికార్డుల్లో సీనియర్ల రీడింగులు దించుకునే బదులు, ప్రతి విద్యార్థీ సంక్రాంతి సెలవుల్లో తన ఊరి కేసింగ్ లోతులు పది రాసుకు రావాలి. శాఖవారు వేసవిలో సీస్మోమీటరు ఇచ్చి పంపాలి. రాత్రిపూట, గాలి లేనప్పుడు, చెట్లకి దూరంగా పెట్టాలి. దగ్గర్లో మోటారు ఆడుతుంటే గ్రాఫులో తుమ్మముల్లు లాంటి సన్నని శిఖరం లేస్తుంది, దాన్ని మట్టి శిఖరమని భ్రమపడరాదు. ఆ మోటారు మా వాళ్ళదే అయితే అరగంట ఆపించే పూచీ నాది.