ఈసారి శిబిరంలో కడుపు స్కానింగ్ కూడా

బరంపురంలో మన సంఘం ఏటా పెట్టే శిబిరంలో షుగరు, బీపీ చూసి పంపేస్తున్నాం. అది చాలదని మేం అంటున్నాం.

కిందటేడు మన పెద్దాయనకి ఉన్నట్టుండి నడుం, కడుపు పట్టేశాయి. కళ్ళు తిరిగి పడ్డారు కూడా. ఆసుపత్రిలో మనవడు ఒడియాలో నడుం నొప్పి అని మాత్రమే చెప్పాడు, పడ్డ సంగతి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు. కిడ్నీలో రాయని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. రాత్రి రెండో ఆసుపత్రిలో సీటీ తీస్తే బృహద్ధమని ఉబ్బి పగిలిందని తేలింది. ఆపరేషన్ బల్ల ఎక్కకుండానే పోయారు.

కడుపులో ఆ నాళం మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు. మగవాళ్ళలో 5.5 దాటితే సాధారణంగా ఆపరేషన్ చేయించుకోమంటారు. పగిలేదాకా చాలామందికి నొప్పే ఉండదు. 1948లో ఐన్‌స్టీన్‌కి సెలోఫేన్ కాగితం చుట్టి ఆపారు. 1955లో పగిలింది, మళ్ళీ కత్తి వద్దన్నారు. ఇప్పుడు కడుపు కోసి కృత్రిమ గొట్టం కుడతారు, లేదా గజ్జల్లోంచి స్టెంటు గొట్టం పంపుతారు. పగలకముందే చేస్తే గండం చాలా తక్కువ.

అందుకే 65 దాటిన, చుట్టో సిగరెట్టో కాల్చిన మగవాళ్ళందరికీ ఒక్క స్కానింగ్. లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల యంత్రాన్ని మన మండపానికి తేలేం. రిజిస్టరైన సెంటరుకే పంపి డబ్బు సంఘం కట్టాలి. సన్మానాల శాలువాల ఖర్చు ఈ ఏడు ఇటు మళ్ళిద్దాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆదివారం మీటింగులో చెప్పండి.