ఉయ్యాల ఖర్చు అక్క చదువు
రాయదుర్గంలో జీన్సు కుట్టే మన సోదరీమణులు బిడ్డను డబ్బులిచ్చి ఎక్కడైనా వదిలితే కూలిలో మిగిలేదేమిటి? అందుకే పెద్దకూతురు బడి మానుతున్నది. దరఖాస్తులు రాసిపెట్టడానికి ఇల్లిల్లూ తిరిగే మాకు, చంకలో తమ్ముడితో తలుపు తీసేది ఆమే.

2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మందికి తక్కువ కాని సంస్థలకే శిశు సంరక్షణాలయాన్ని తప్పనిసరి చేసింది. ఇంట్లో, చిన్న షెడ్డులో కుట్టే తల్లి ఆ లెక్కలోకి రాదు. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైన ఉపాధి హామీ నయం. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూసుకునే స్త్రీకీ కూలి ఇవ్వాలని అందులో రాశారు. మట్టిపనికి ఒప్పుకున్న న్యాయం కుట్టుపనికి ఎందుకు చెల్లదు?

కేంద్రం ‘పాల్నా’ పథకం అంగన్‌వాడీలోనే సంరక్షణాలయం నడిపే వీలు కల్పించింది. దరఖాస్తు లేనిదే ఫైలు కదలదని గుమాస్తాగిరీలో మేము నేర్చుకున్నాము. మసీదు కమిటీలు ఈ నెలలోనే ఐసీడీఎస్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. తల్లుల సంతకాలతో పాటు, బడి మానిన అక్కల సంఖ్యనూ అందులో చేర్చాలి.