వైద్యుని నిలుపునది వేతనమొక్కటేనా?



ప్రభుత్వాసుపత్రులలో వైద్యులు నిలువకుండుటకు ధనాశయే మూలమని గత సంచికలో ఒక వ్యాసకర్త తీర్మానించిరి. ముప్పదియేండ్లు ఆ కొలువుననే గడపినవాడనగుటచే సవినయముగా విభేదించుచున్నాను.

వేతనము అప్రధానమని నేననను. కాని జీతము, పని పరిస్థితులు లోపించినచో అసంతృప్తి జనించుననియు, ఉత్సాహమును నిలుపునవి మాత్రము కార్యసాఫల్యము, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదలలేననియు 1959లో మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ ప్రతిపాదించిన సిద్ధాంతము, పిట్స్‌బర్గు ప్రాంతపు ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించి చెప్పినదే యైనను, మన వార్డులకును చక్కగా అన్వయించును.

నాతో పనిచేసిన యొక యువవైద్యురాలు, సిజేరియన్ శస్త్రచికిత్సలో సిద్ధహస్తురాలయ్యును, మత్తుమందు వైద్యుడు లేని కారణమున, నొప్పులు పడుచున్న తల్లులను అంబులెన్సులో జిల్లా కేంద్రమునకు పంపుటయే నిత్యకృత్యము కాగా, రెండేండ్లకే రాజీనామా సమర్పించెను. జీతమును గూర్చి ఆమె ఒక్కమాటయు పలుకలేదు. "నేర్చిన విద్య చేతులు మరచిపోవుచున్నవి సార్" అని మాత్రము కంట తడిపెట్టెను.

ఇక భద్రత మాటకు వచ్చినచో, వైద్యులపై దాడులను శిక్షింప ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లోనే చట్టము వెలసినది. 2024లో కలకత్తా ఆసుపత్రిలో ఒక యువవైద్యురాలిపై జరిగిన హత్యాచార ఘోరము పిమ్మట, వైద్యుల భద్రతకై సుప్రీంకోర్టు జాతీయ కార్యదళమును నియమించినది. అయినను, రాత్రి డ్యూటీలో తలుపు గడియపడు విశ్రాంతి గది, చాలినంతమంది నర్సులు, పారదర్శకమైన బదిలీలు, పై చదువునకు అవకాశము సమకూరనిదే శాసనములు వైద్యుని నిలుపజాలవు.

వెడలిపోయినవారిని నిందించుటకు ముందు, వారేల వెడలిరో వారినే అడుగుడని నా ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు