వన్నె తగ్గిన ప్రతి బొమ్మా దీన్‌దయాళ్‌దేనా?

గోధుమవన్నె బొమ్మలన్నిటినీ ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఖాతాలో వేయడం ఇకనైనా మానుదాం.

మొన్న తాండూరులో ఒకరింట అట్టిదే సగర్వంగా చూపారు. భూతద్దంలో చూస్తే వరుసగా చుక్కలు! అది అచ్చుయంత్రం వేసిన నకలు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై తీసిన ఆల్బుమెన్ చిత్రంలో చుక్కలుండవు. కాగితపు నారలు, సన్నని బీటలు కనబడతాయి. పాత జెలటిన్ చిత్రంలోనైతే నల్లని చోట్ల వెండి మెరుపు తేలుతుంది.

ఆ నకలుకు అద్దాల చట్రం కట్టారు. అసలైన తాతగారి జెలటిన్ చిత్రానికి మాత్రం వికారాబాదులో లామినేషన్ చేయించారు! ఆ ప్లాస్టిక్కును ఒలిస్తే తాతగారూ ఊడివస్తారు.

పేరును కాదు, కాగితాన్ని చదవండి. తాళపత్రాలు చదివిన జాతికి అదేమంత కష్టం?