వంకర స్కాన్‌లో కాదు... ఊపిరిలో చూడాలి

‘‘డాక్టర్‌గారూ, మావాడికి ముక్కు దూలం వంకర ఉందట. వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయించేద్దామా?’’

ఇంటర్ చదువుతున్న ఓ కుర్రాడి తల్లి ప్రశ్న ఇది. చేతిలో సీటీ స్కాన్ కవరు. పిల్లాడికి ఆరు నెలలుగా తలనొప్పి. ఎవరో సైనస్ అన్నారు, స్కాన్ తీయించారు. రిపోర్టు చివర ‘డీఎన్‌ఎస్, ఎడమవైపు’ అని ఒక లైను ఉంది. దాంతో తలనొప్పికి కారణం దొరికిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ‘‘ముక్కు మూసుకుపోతోందా నాన్నా?’’ అని అడిగితే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. ‘‘లేదండీ, ఊపిరి బాగానే ఆడుతుంది.’’

కాసేపటికి ఇంకొకరు వచ్చారు. యాభై దాటిన ఉద్యోగి. కాలేజీ రోజుల్నుంచీ ఆయనకు కుడి ముక్కు ఆడదు. రాత్రంతా నోటితోనే గాలి పీల్చడం, తెల్లవారేసరికి నోరు పిడచకట్టుకుపోవడం. జేబులో ఎప్పుడూ ముక్కులో వేసుకునే చుక్కల మందు సీసా. ఆపరేషన్ మాటెత్తగానే ‘‘చేయించుకున్నా మళ్లీ వస్తుందటగా’’ అంటూ కుర్చీలోంచి లేచారు.

ఇలాంటివాళ్లు ఈఎన్‌టీ ఓపీకి తరచూ వస్తుంటారు. అవసరం లేనివాళ్లు తొందరపడతారు, అవసరమైనవాళ్లు తప్పించుకు తిరుగుతారు. రెండూ నష్టమే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దూలం వంకరకు ఏం చేయాలన్నది స్కాన్ చూసి కాదు, ఊపిరి చూసి తేల్చుకోవాలి.

నిట్టనిలువు దూలం అరుదు

రెండు ముక్కు రంధ్రాల మధ్య ఉండే గోడే దూలం. ముందు భాగం మెత్తటి కార్టిలేజ్, వెనక భాగం పల్చటి ఎముక. రెండు వైపులా తడి పొర కప్పుకొని ఉంటుంది. ఈ గోడ సరిగ్గా మధ్యలో, నిటారుగా ఉన్నవాళ్లు తక్కువ. కొందరికి పుట్టుకతోనో, ఎదిగే వయసులోనో ఒరుగుతుంది. కొందరికి ఎప్పుడో చిన్నప్పుడు తగిలిన దెబ్బ వల్ల వంగుతుంది. అందుకే వేరే కారణంతో స్కాన్ తీయించినా చాలా రిపోర్టుల్లో డీఎన్‌ఎస్ అన్న మాట కనిపిస్తుంది. అది మన ముక్కు ఎలా ఉందో చెప్పే వర్ణన. అదే జబ్బని కాదు. గుమ్మం కాస్త ఒరిగిన ఇంట్లోకి కూడా మామూలుగానే వెళ్లొస్తుంటాం. తలుపు పట్టనప్పుడే వడ్రంగిని పిలుస్తాం.

వంకర ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ముక్కులో అన్నింటికంటే ఇరుకైన చోటు ముందు భాగంలోనే ఉంటుంది. అక్కడ చిన్న వంపు ఉన్నా ఊపిరి ఆడనివ్వదు. వెనక భాగంలో పెద్ద వంపు ఉన్నా చాలామందికి ఆ సంగతే తెలియదు.

మరో విషయం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా రెండు ముక్కులూ ఎప్పుడూ సమానంగా ఆడవు. కొన్ని గంటలపాటు ఒకవైపు బిగుసుకుంటే, ఆ తర్వాత రెండోవైపు బిగుసుకుంటుంది. ఇది సహజం. కాబట్టి దిబ్బడ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మారుతుంటే దూలాన్ని అనుమానించే ముందు లోపలి వాపు గురించి ఆలోచించాలి. ఏళ్ల తరబడి ఒకేవైపు మూసుకుపోయి ఉంటే దూలం మీద అనుమానం బలపడుతుంది.

వాపు సంగతి ముందు చూడాలి

ముక్కు లోపల పక్క గోడల మీద టర్బినేట్లు అనే మెత్తటి మడతలు ఉంటాయి. పీల్చే గాలిని వెచ్చబరచి, తడిపి పంపడం వీటి పని. అలర్జీ ఉంటే ఇవి ఉబ్బి దారి మూసేస్తాయి. దిండ్లు, పరుపుల్లోని డస్ట్ మైట్లు, గోడల మీది బూజు, ఊరి చివర పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి... అలర్జీకి కారణాలు ఎన్నో. దోమల చుట్టల పొగ, అగరొత్తుల పొగ కూడా ముక్కును రేపెడతాయి. పొద్దున లేవగానే వరస తుమ్ములు, నీళ్లలా ముక్కు కారడం, కళ్లు, ముక్కు దురద పెట్టడం ఉంటే అలర్జీ ఉన్నట్టే అనుకోవాలి. దూలం వంకర తుమ్ములు తెప్పించదు.

అలర్జీ ఉందని తేలితే మొదటి చికిత్స ఉప్పు నీటితో ముక్కు కడుక్కోవడం, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రే వాడటం. స్టెరాయిడ్ అనగానే ఇళ్లలో భయపడతారు. ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి స్ప్రేల నుంచి రక్తంలో చేరే మందు చాలా స్వల్పం. కాకపోతే ఇవి కొట్టగానే పని చేయవు. రోజూ క్రమం తప్పకుండా కొన్ని వారాలు వాడితేనే ఫలితం తెలుస్తుంది. నాలుగు రోజులు వాడి ‘పని చేయలేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. వాడే పద్ధతి కూడా ముఖ్యం. తల కాస్త ముందుకు వంచాలి. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, దూలం మీద పడకుండా బయటి పక్కకు తిప్పి కొట్టాలి. నేరుగా దూలం మీద కొడితే ముక్కు నుంచి రక్తం కారవచ్చు. గ్లకోమా ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది చుక్కల మందుతో. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేసుకుంటే నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అందుకే అవి అలవాటైపోతాయి. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. మళ్లీ చుక్కలు వేసుకోవాల్సి వస్తుంది. నెలల తరబడి వాడినవాళ్లలో దిబ్బడకు చుక్కలే కారణమవుతాయి. ఇంట్లో ఎవరి దిండు కిందైనా ఈ సీసా ఉంటే, ఆపరేషన్ కన్నా ముందు దాని గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

ఆపరేషన్ ఎవరికి?

ఇలా చెప్పానని ఏళ్లకేళ్లు స్ప్రేలతోనే నెట్టుకురమ్మని నా సలహా కాదు. అదీ తప్పే. ముక్కు దిబ్బడతో నిజంగా బాధపడుతున్న పెద్దవాళ్ల మీద రెండు మంచి పరిశోధనలు జరిగాయి. నెదర్లాండ్స్‌లో 203 మందితో చేసినది 2019లో ‘లాన్సెట్’లో వచ్చింది. బ్రిటన్‌లో 378 మందితో చేసినది 2023లో ‘బీఎంజే’లో వచ్చింది. రెండింటిలోనూ మందులతో సరిపెట్టుకున్నవాళ్ల కంటే దూలం సరిచేసే సెప్టోప్లాస్టీ చేయించుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దక్కింది. బ్రిటన్ పరిశోధనలో ఆరు నెలల తర్వాత ఆపరేషన్ అయినవాళ్ల బాధ స్కోరు, స్ప్రేలు వాడినవాళ్ల స్కోరులో దాదాపు సగమే ఉంది. అయితే ఒక సంగతి గమనించాలి. ఆ పరిశోధనలోకి తీసుకున్నది కనీసం ఓ మోస్తరు దిబ్బడ ఉన్నవాళ్లనే. వంకర ఉండి బాధ లేనివాళ్లను కాదు.

బాధ ఎంతో కొలవడానికి డాక్టర్లు వాడే ‘నోస్ స్కోరు’ను ఇంట్లో మీరే వేసుకోవచ్చు. గత నెల రోజుల్లో ముక్కు బిగుసుకున్నట్టు ఉందా? మూసుకుపోతోందా? ముక్కుతో గాలి పీల్చడం కష్టంగా ఉందా? దానివల్ల నిద్ర చెడుతోందా? మెట్లెక్కినా, వ్యాయామం చేసినా ముక్కుతో సరిపడా గాలి అందడం లేదా? ఈ ఐదింటికీ బాధ లేకపోతే 0, మరీ ఎక్కువైతే 4 చొప్పున మార్కులు వేసుకోండి. మొత్తాన్ని 5తో హెచ్చిస్తే నూటికి స్కోరు వస్తుంది. బ్రిటన్ పరిశోధనలోకి 30 దాటినవాళ్లనే తీసుకున్నారు. మన కుర్రాడు వేసుకుంటే బహుశా సున్నా దగ్గర ఆగుతాడు.

సెప్టోప్లాస్టీలో ముఖం మీద కోత ఉండదు. ముక్కు లోపలి నుంచే పొరను తెరిచి, వంగిన భాగాన్ని సరిచేసి, పొరను మళ్లీ కప్పుతారు. మామూలుగా ముక్కు ఆకారం మారదు. ఎక్కువగా మత్తు ఇచ్చి చేస్తారు. చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. మొదటి వారం గట్టి జలుబు చేసినట్టు ఉంటుంది. కొన్నాళ్లు ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, దూలానికి రంధ్రం పడటం, పై ముందు పళ్ల దగ్గర తిమ్మిరి లాంటివి అరుదుగా వస్తాయి. వాటి గురించి సంతకం పెట్టే ముందే అడిగి తెలుసుకోవాలి. ముక్కు ఎదిగే వయసు పిల్లల్లో ఇబ్బంది మరీ తీవ్రంగా ఉంటే తప్ప సాధారణంగా 16 నుంచి 18 ఏళ్లు వచ్చేదాకా ఆగుతారు. చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ ఆపరేషన్‌కు మొదటి రెండేళ్లు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ముందుగానే పాలసీ తీసి చూసుకోవడం మంచిది.

ఇక ‘మళ్లీ వస్తుందట’ అన్న భయం. పెద్దవాళ్లలో సరిచేసిన దూలం సాధారణంగా అలాగే నిలబడుతుంది. కొద్దిమందికే మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. తిరిగి వచ్చేది ఎక్కువగా అలర్జీ వాపు. దూలం సరిచేసినంత మాత్రాన అలర్జీ పోదు. ఆ తర్వాత కూడా స్ప్రే అవసరం కావచ్చు. ఈ మాట డాక్టర్లం ముందే చెప్పకపోవడం వల్లే ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అన్న పేరు వస్తోంది. అది మా వైపు లోపమే.

గురక, తలనొప్పి విషయంలోనూ అంతే. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా దూలం ఒక్కటి సరిచేస్తే తగ్గడం అరుదు. దానికి స్లీప్ స్టడీ చేయించాలి. ‘సైనస్ తలనొప్పి’ అనుకునేవాటిలో చాలావరకు మైగ్రేన్ అని తేలుతుంది. ముక్కు దిబ్బడ లేని తలనొప్పికి ముక్కు ఆపరేషన్ చేయించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఇక్కడ మాత్రం ఆగొద్దు

ఆలస్యం అస్సలు పనికిరాని సందర్భం ఒకటుంది. క్రికెట్ బంతి తగిలో, బండి మీంచి పడో ముక్కుకు దెబ్బ తగిలాక రెండు వైపులా మూసుకుపోయి, నొప్పి పెరుగుతూ, లోపల ఎర్రటి మెత్తటి వాపు కనిపిస్తే అది దూలం పొరల మధ్య చేరిన రక్తం కావచ్చు. కార్టిలేజ్‌కు సొంతంగా రక్తనాళాలు ఉండవు. పోషణ అంతా పై పొర నుంచే అందుతుంది. మధ్యలో రక్తం చేరితే ఆ పోషణ ఆగి, కొద్ది రోజుల్లోనే కార్టిలేజ్ దెబ్బతింటుంది. తర్వాత ముక్కు మధ్యలో దిగబడిపోవచ్చు. ‘వాపు అదే తగ్గుతుందిలే’ అనుకోకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

ఇంతకీ ఆ ఇద్దరికీ ఏం చెప్పాలి? కుర్రాడికి కళ్ల పరీక్ష చేయించి, మైగ్రేన్ ఉందేమో చూపించుకోమనాలి. ఆ స్కాన్ కవరు బీరువాలో ఉన్నా నష్టం లేదు. పెద్దాయన ముందు చుక్కలు మానాలి, కొన్ని వారాలు స్ప్రే సక్రమంగా వాడాలి. అప్పటికీ ఆ కుడి ముక్కు తెరుచుకోకపోతే ఆపరేషన్‌కు భయపడకూడదు. ముప్పయ్యేళ్లుగా నోటితో ఊపిరి పీలుస్తూ నిద్రపోతున్న మనిషికి, నోరు మూసుకుని హాయిగా నిద్రపోవడం చిన్న విషయమేమీ కాదు.